దించిన తేదీ

సుజౌ, 2007 మార్చి 4.
పొద్దున ముసురు, మధ్యాహ్నానికి తెరిపి. కొత్త జిగురు కాచి, వడకట్టి, చల్లారాక నీళ్లలో వేసి ఉంచాను.

ఆయున్‌కు, పెదనాన్న.

పక్క నూడుల్స్ కొట్టుకు నువ్వు మూడుసార్లు ఫోను చేశావని కొట్టు ఆవిడ చెప్పింది. అక్కడ ఫోను తీస్తే జనం గిన్నెలు పట్టుకుని చుట్టూ నిలబడి వింటారు. నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

నీ వ్యాసం వచ్చిన పత్రిక షెన్ మాస్టారు తెచ్చి చదివి వినిపించాడు. ఎవరో కళాకారుడు ఐదేళ్లపాటు రోజుకొక బొమ్మ గీసి కాల్చేశానని చెప్పి, గాజు పెట్టెల్లో బూడిద పెట్టాడట. నువ్వు ఆ బూడిదను వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది కాగితం బూడిద కాదు, బొగ్గుల పొయ్యి బూడిద అని రాశావట. "కాగితం కాలితే ఏమవుతుందో నేను పెరిగిన దుకాణంలో చూశాను" అన్న వాక్యం మాస్టారు రెండుసార్లు చదివాడు. "నీ పేరు రాయకపోతేనేం, నువ్వున్నావు పోవయ్యా!" అన్నాడు. ఆయన వెళ్లాక, బొమ్మలకు వేసినట్టే ఆ పేజీకి వెనక కాగితం అతికించి, ఆరడానికి గోడకెక్కించాను. ఎనిమిది రోజులకు దించుతాను.

ఇక నువ్వడిగిన సంగతి. తాన్ లియే అనే ఆయనకు మన గోడ కావాలని నూడుల్స్ ఆవిడ చెప్పింది. బొమ్మలు ఆరబెట్టే గోడే కదా? ఇంకేదైనా గోడా? ఏ పనికి, ఎన్నాళ్లకు, అది రాయి. గోడ లేకపోతే ఆ నాళ్లు నాకు పని ఉండదు. ఫరవాలేదు, కానీ ముందు తెలిస్తే చేతిలో ఉన్నవి పూర్తి చేసుకుంటాను.

అక్కడ దుమ్ము గాలులు మొదలై ఉంటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకో.

పెదనాన్న


బీజింగ్, మార్చి 13

పెదనాన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పాను. కవరు అంచులు అంత సన్నగా అతికించేవాళ్లు ఈ ఊళ్లో లేరు. పక్క సీటు అబ్బాయి ముట్టుకుని చూశాడు.

పెద్ద కబురు. మ్యూజియం వాళ్లు నాకు ఒక ప్రదర్శన అప్పగించారు. వ్యాసం రాయడమే కాదు, ఎవరివి పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, అంతా నాదే. ఇదే మొదటిది. ఇది నిలబడితే నేను నిలబడతాను. మే ఇరవైన ప్రారంభం.

ఇక్కడి సంగతి మీకు ఎలా చెప్పాలి? నాయకుడి బొమ్మ తీసుకుని దాని మీద ఏదో ఒకటి పూస్తారు. విమానం దిగిన తెల్లవాళ్లు అదే చైనా అనుకుని కొనుక్కుపోతారు. అన్నీ పెద్దవి, అన్నీ మెరుస్తాయి. ఎవడి చెయ్యీ ఎక్కడా కనబడదు. ఇవన్నీ చూసి విసిగి ఉన్నాను. ఆ టైములో తాన్ లియే గారికి నేను కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు తీసిన మీ గోడ ఫోటో చూపించాను. ఆయన అరగంట దాన్నే చూశారు. తర్వాత "ఈ గోడ కావాలి" అన్నారు. అంతే.

ఆయనవి ఆరు పెద్ద సిరా బొమ్మలు ఉంటాయి, మీ గోడ ఉంటుంది. నాలుగు పలకలూ ఇటుక గోడ నుంచి ఊడదీసి ఇస్తే చాలు. ఏప్రిల్ పదికి లారీ వస్తుంది. వివరంగా చెప్పాలంటే చాలా ఉంది, కలిసినప్పుడు చెప్తాను. ఆయన చాలా గొప్పవారు పెదనాన్నా. మన గోడ ఆయన చేతిలో పడటం మన అదృష్టం.

ఇట్లు,
మీ ఆయున్


సుజౌ, ఏప్రిల్ 8.
ఎండ, మెల్లగా గాలి. ఆరడానికి మంచి రోజు. నాలుగో పలకకు రెండో కాగితం వేశాను.

ఆయున్‌కు, పెదనాన్న.

చింగ్‌మింగ్ పండగ నాడు మీ నాన్న సమాధి దగ్గర గడ్డి పీకి వచ్చాను. పచ్చ పిండి ఉండలు పెట్టాను. నీ ప్రదర్శన సంగతి చెప్పాను.

పని అయింది. ఏడు రోజులు పట్టింది. మన గోడ మన వాడుకకు ఎలా ఉన్నా చెల్లుతుంది. ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం పాతదంతా ఒలిచి, కడిగి, కొత్త కాగితం వేసి ఇవ్వాలి. నా మరకల మీద నీ బొమ్మ ఆరబెట్టుకో అనడం ఎదుటివాణ్ణి అవమానించడం. సహకార సంఘం రోజుల్లో యాంగ్‌జౌ నుంచి ఒక పెద్దాయన వచ్చి మా గోడ వాడుకుంటానంటే, మేం ఆరుగురం మూడు రోజులు గీకాం. అంత గొప్పాయనకు, అదీ నువ్వు చెప్పగా, మురికి గోడ పంపుతానా?

వేడినీళ్ల గుడ్డలు పరిచి, నానాక వెదురు బద్దతో లేపాను. బొమ్మలు దించినప్పుడల్లా గోడకు మిగిలిపోయిన కాగితం అంచులు, ముప్పై ఎనిమిదేళ్లవి. ఒకదాని మీద ఒకటి, పొరలు పొరలుగా వచ్చాయి. అన్నిటి కింద 1969 నాటి ఎర్ర కాగితాలు తగిలాయి. అప్పుడు మాకు వచ్చిన పని నినాదాలే. పక్కన పెన్సిల్‌తో తేదీ, వాన, ఎండ, ఎవరి బొమ్మ, ఎప్పుడు ఎక్కించాం, ఎప్పుడు దించాం, అన్నీ అలాగే ఉన్నాయి. చదవగలిగినవి పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

జిగురు తొట్టి వెనకాల, కింద, మీ నాన్న రాసుకున్న వరస ఒకటి ఉంది. నీకు గుర్తుందో లేదో. దాన్ని ఒక రోజంతా మిగిల్చాను. కానీ ఆ ఒక్క మూల పాత కాగితం ఉంటే కొత్తది అక్కడ ఉబ్బుతుంది. తాన్ గారి బొమ్మ పాడవుతుంది, నీకు మాట వస్తుంది. అందుకని అదీ తీశాను. నానిన కాగితం మీద పెన్సిల్ తేలి నా బొటనవేలికి అంటుకుంది.

ఇప్పుడు నాలుగు పలకలూ గుడ్డు పెంకులా ఉన్నాయి. ఆయన్ను మొదటి బొమ్మ చిన్నది పెట్టి చూసుకోమను. కొత్త కాగితం కొంచెం గట్టిగా లాగుతుంది.

పెదనాన్న


బీజింగ్, ఏప్రిల్ 16

పెదనాన్నా,

పెట్టెలు విప్పాం. తాన్ లియే గారు నాలుగు పలకలూ ఒకసారి చూశారు. బయటికి వెళ్లి మూడు సిగరెట్లు కాల్చి వచ్చారు.

మీరు ఏం చేశారో మీకు తెలుసా? ఆ మరకలే కావాలి మాకు. ఆ అంచులు, ఆ పెన్సిల్ రాతలు, ఆ ముప్పై ఎనిమిదేళ్లు. బొమ్మ వెళ్లిపోయాక గోడ మీద మిగిలిన ఖాళీ చోటు. అదే బొమ్మ! దాని గురించి పదహారు పేజీలు రాశాను. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయింది. ప్రదర్శన పేరే ఆ గోడ మీద పెట్టాం. మీరు నాకు శుభ్రమైన చెక్క పంపించారు.

పలకలు పంపమన్నాను. కడగమన్నానా? ఒక్కసారి అడగొచ్చు కదా. ఆ కొట్లో ఫోను తీసి ఒక్క మాట!



ఆయున్


సుజౌ, ఏప్రిల్ 23.
మబ్బు. పని లేదు. బ్రష్షులు నానబెట్టి దువ్వాను.

ఆయున్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. షెన్ మాస్టారుకు చూపించలేదు.

తప్పు నాదే. గోడ అంటే బొమ్మ ఆరబెట్టుకోవడానికి అనుకున్నాను. ఆరు సిరా బొమ్మలు అని రాశావు. అవి వచ్చి దీని మీద ఆరతాయి అనుకున్నాను. గోడనే బొమ్మగా చూస్తారని నాకెలా తోస్తుంది? వివరం చాలా ఉంది, కలిసినప్పుడు చెప్తాను అన్నావు. ఆ వివరం రెండు వరసల్లో పట్టేది. నాకు అర్థం కాదనుకున్నావేమో. అయ్యేది.

అదలా ఉంచు. ఒక దారి తోచింది. ఒలిచినదంతా పారేయలేదు. మూడు బస్తాలున్నాయి, ఆరబెట్టి కట్టాను. వాటిని పంపుతాను. శుభ్రమైన గోడ నిలబెట్టండి, పక్కన మూడు బస్తాలు పెట్టండి. కావాలంటే నా పుస్తకం కూడా తీసుకో. కింద ఒక చీటీ: ఈ గోడ అడిగారు, గోడవాడు మర్యాద కోసం కడిగి పంపాడు. జరిగింది జరిగినట్టు. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వాక కాసేపు నిలబడతారు. నన్ను చూసి నవ్వినా నాకు ఫరవాలేదు.

నాకు మీ కళ సంగతి తెలియదు. నిరుడు షాంఘైలో మాస్టారు నన్నొక ప్రదర్శనకు తీసుకెళ్లాడు. ఒక గది నిండా సైకిలు చైన్లు పోసి ఉన్నాయి. అవి అతికించడానికి ఎన్ని నెలలు పట్టిందా అని చూశాను, నేను చూడగలిగింది అదే. చీటీ మీద ఒక్కడి పేరే ఉంది. ఎవడు అనుకున్నాడో రాశారు, ఎవరు అతికించారో రాయలేదు. నీ వ్యాసాల్లో అలాంటివి రాస్తావు కదా, అందుకని చెప్పాను.

బస్తాలు పంపనా?

పెదనాన్న


బీజింగ్, మే 8

పెదనాన్నకు నమస్కారాలు.

కోపంలో రాసిన ఉత్తరం అది, చించి పారేయండి. ఎండలు ముదరక ముందే మోకాలికి మందు పట్టీ వేయించుకోండి.

బస్తాల సంగతి తాన్ గారితో చెప్పాను. నవ్వి, "మీ పెదనాన్న మనందరికన్నా ఆధునికుడు" అన్నారు. కానీ మ్యూజియం వాళ్లు బూజు అంటారు, ఒప్పుకోరు. వద్దు. పుస్తకం కూడా వద్దు. ఇక్కడ సర్దుకుంది. అంతా బాగానే కుదిరింది, మీరేమీ బెంగ పెట్టుకోవద్దు.

ప్రారంభానికి మాత్రం రావద్దు. కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండదు, అంతా ఇంగ్లీషు, ద్రాక్ష సారా. నేను మీ పక్కన ఉండలేను. ముగిశాక నేనే వస్తాను. జూన్‌లో ముసురు పట్టే ఆ ప్లం వానలకు ముందు వస్తే మీతో కూర్చుని ఆకుకూర ఊరగాయ నూడుల్స్ తింటాను.

మీ ఆయున్


సుజౌ, మే 29.
ఎండ. నిన్న పొద్దున రైలు దిగాను. దుకాణం తెరిచి నేల కడిగాను.

ఆయున్,

నేను బీజింగ్ వచ్చి వెళ్లాను. షెన్ మాస్టారు కొడుకును చూడటానికి వస్తుంటే ఆయనతో బయల్దేరాను. నీకు వెదురు మొలకల ఊరగాయ తెచ్చాను. ఆ సీసా ఆయన కొడుకింట్లో ఉంది, తెప్పించుకో.

మ్యూజియానికి శనివారం మధ్యాహ్నం వెళ్లాం. కడిగిన గోడ నిలబెట్టి ఉంటారు, ఎవరో ఒకరు నవ్వుతుంటారు అనుకుంటూ వచ్చాను. హాలు మధ్యలో నాలుగు పలకలూ ఉన్నాయి, పైనుంచి దీపం పడుతోంది. దూరం నుంచి చూసి నా గోడే అనుకున్నాను. అది నీకు చెప్పాలి.

"ఇదేంటయ్యా, ఒలిచేశానన్నావు?" అన్నాడు మాస్టారు.

దగ్గరికి వెళ్లాం. కాపలా పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"తాతా, గీత దాటకండి. ముప్పై ఎనిమిదేళ్ల జాడలవి. ఊపిరి తగిలినా పాడవుతాయి."

"ఎవరి జాడలమ్మా?" అని మాస్టారు అడిగాడు.

"తాన్ లియే గారివి."

"ఆయనకెన్నేళ్లు?"

"నలభై ఒకటి" అని ఆ పిల్ల కాసేపు లెక్క చూసుకుంది. "సేకరించారు లెండి" అంది.

"మూడేళ్లప్పటి నుంచా? బుద్ధిమంతుడే!" అన్నాడు మాస్టారు. ఇంకేదో అనబోతే నేను ఆయన చెయ్యి నొక్కాను.

చీటీ చదివాను. తాన్ లియే. 'ఖాళీల దినచర్య'. చెక్క, కాగితం, జిగురు, పెన్సిల్, కాలం. కాలం అని రాశారు, ఎవరిదో రాయలేదు. అన్నిటి కిందా సన్నని అక్షరాల్లో: సుజౌలోని ఒక పాత దుకాణం సౌజన్యంతో.

గోడ ఎవరు చేశారో, విద్యార్థులు కాబోలు, బాగా కష్టపడ్డారు. టీ నీళ్లతో రంగు పట్టించారు. అంచులన్నీ ఒకే వెడల్పు ఉన్నాయి. నా అంచు వేలెడు, మీ నాన్నది వేలున్నర. పెన్సిల్ అన్నిచోట్లా ఒకటే నలుపు. ప్లం వానల్లో ఎక్కించినవి రెండు రోజులకే దించినట్టు రాశారు. ఆ తేమలో పదిహేను రోజులైనా ఆరదు. అవన్నీ ఎవరికీ తెలియనక్కర్లేదు. ఒక్కటి మాత్రం నీకు తెలియాలి. బొమ్మ ఎక్కించేటప్పుడు ఒక పక్క జిగురు పట్టకుండా వేలెడు నోరు వదులుతాం. దించే రోజున వెదురు బద్ద దూరేది అక్కడే. దించాక అంచులో ఆ సందు మిగులుతుంది. నువ్వు ఆరేళ్లప్పుడు ఆ సందుల్లోకి ఊదుతూ ఆడుకునేదానివి. ఈ గోడ మీద ఒక్క అంచుకూ నోరు లేదు. చుట్టూ మూసుకుని ఉన్నాయి. అలా అతికించినదాన్ని ఎవరూ దించలేరు. పదహారు పేజీలు రాసిన నీకు అది కనబడలేదు.

అప్పుడే నువ్వు పదిహేను మందిని వెంటబెట్టుకుని వచ్చావు. నేను స్తంభం పక్కకు వెళ్లాను. నల్ల చొక్కా వేసుకున్నావు. సన్నబడ్డావు. బాగా మాట్లాడావు. చివర్లో మోకాళ్ల మీద కూర్చుని కింద ఒక వరస చూపించావు. "ఇది మా నాన్న చేతిరాత. ఆయన ఎక్కించిన చివరి బొమ్మ. ఆయనే దించి వెళ్లారు" అన్నావు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నువ్వూ తుడుచుకున్నావు. నువ్వు నిజంగా ఏడ్చావో లేదో నాకు తెలియలేదు. నిన్ను పెంచినవాణ్ణి, నాకు తెలియలేదు.

మీరంతా వెళ్లాక ఆ వరస చదివాను. "1983 జూన్ 19. ఎండ. పియోనీ పువ్వులు, అతికించాను. జూన్ 27, దించాను." మీ నాన్న 'జూన్' రాసేటప్పుడు చివరి గీత పైకి లేస్తుంది. అదీ లేపారు. దానికి నమూనా ఎవరిచ్చారు? నీ దగ్గర ఉన్న ఆయన ఉత్తరాలేనా?

అసలు వరస నా పుస్తకంలో ఉంది. "1983 జూన్ 19. వాన. పియోనీ పువ్వులు, అతికించాను. దించింది" అని ఉంటుంది. తర్వాత ఏమీ లేదు. మీ నాన్న ఇరవై రెండున ఆసుపత్రిలో పోయాడు. బొమ్మ నేను దించాను. ఆ ఖాళీలో నా చేత్తో తేదీ వేయలేకపోయాను. ఇరవై నాలుగేళ్లు అలాగే ఉంది. ఆ ఒక్క ఖాళీనీ మీరు పూరించారు. పేరేమో ఖాళీల దినచర్య.

నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి.

నువ్వు రాయి. ఈ గోడ అసలుది కాదు, మళ్లీ చేసినది అని రాయి. పత్రికలో, నీ పేరుతో. బూడిద గురించి రాసినట్టే. ఇంకేమీ అడగను.

పెదనాన్న


బీజింగ్, జూన్ 8

పెదనాన్నా,

దొంగలా వచ్చి చూసి వెళ్లారు. స్తంభం వెనక నిలబడ్డారు. నన్ను పిలిచి ఉంటే ఆ పదిహేను మంది ముందు మీ కాళ్లకు దండం పెట్టేదాన్ని. మీకు నా పరువు కాదు, నా తప్పు కావాలి.

బూడిద వేరు. అతను లేనిదాన్ని ఉన్నట్టు చెప్పాడు. ఇక్కడ ఉన్నదే, పోయింది. ఎందుకు పోయిందో మీకు తెలుసు. మేము దాన్ని మళ్లీ కట్టాం. కళ పోలీసు స్టేషనులో ఇచ్చే వాంగ్మూలం కాదు. చూసినవాళ్లు ఆ గోడ ముందు పని అనేదాన్ని చూశారు, చావును చూశారు. అది అబద్ధమా? మీ అసలు గోడను ముప్పై ఎనిమిదేళ్లు ఎవరు చూశారు? కరెంటు బిల్లు తెచ్చేవాడు!

మా నాన్న వరస అంటారా. "మీ నాన్న పని మధ్యలో వదల్లేదమ్మా, ఆ బొమ్మ దించేసే వెళ్లాడు. ఆ రోజు ఎండ కూడా కాసింది" అని నాకు చెప్పిందెవరు? జడ వేసిన ప్రతిసారీ చెప్పారు. అమ్మ ఊషీ వెళ్లి ఇంకో పెళ్లి చేసుకున్నాక కూడా అదే చెప్పారు. నేను ఆ మాట పట్టుకుని పెరిగాను. తాన్ లియేకు ఆ వరస చెప్పినప్పుడు నేను అబద్ధం ఆడలేదు. మీరు నేర్పింది అప్పజెప్పాను. ఇప్పుడొచ్చి అది తప్పంటారు.

నిజం చెప్పనా? గోడ కడిగింది మీరు. మా నాన్న రాత చెరిపింది మీ బొటనవేలు. నేను కాదు.

ఇంకొకటి అడగక తప్పదు. యూరప్‌లో ఒక మ్యూజియం ఈ గోడను శాశ్వతంగా తీసుకుంటోంది. నన్ను కూడా రెండేళ్ల పనికి పిలుస్తున్నారు. వాళ్ల పద్ధతి ప్రకారం దుకాణం యజమాని ధ్రువపత్రం కావాలి. దీంతో పంపుతున్నాను. 'ఈ గోడ మీది జాడలన్నీ 1969 నుంచి 2007 వరకు మా దుకాణంలో ఏర్పడినవి' అని ఉంటుంది. కింద మీ ముద్ర వేస్తే చాలు. వేయకపోతే వాళ్లు ఎందుకని అడుగుతారు. అడిగితే బూడిద గురించి రాసిన మనిషి ఎవరో అందరికీ గుర్తొస్తుంది. తాన్ లియేకు ఏమీ కాదు, ఆయన ఇంకో గోడ చూసుకుంటాడు. ఈ ఊళ్లో నేను మిగలను.

నన్ను పెంచినప్పుడు నా కోసం ఒక అబద్ధం చెప్పగలిగారు. ఇప్పుడు ఒక ముద్ర.

నెలాఖరులోగా పంపండి.

ఆయున్


సుజౌ, 2007 జూన్ 19.
వాన, మూడో రోజు. కొత్త పలకలకు పొద్దున ఆఖరి కాగితం సరిచూసుకుని, నేల మీద నీళ్లు ఎత్తిపోశాను.

ఆయున్‌కు, పెదనాన్న.

పాత పలకలు ఎప్పుడు తిరిగొస్తాయో తెలియక, మే నెలలోనే కొత్తవి చేయించడానికి ఇచ్చాను. వడ్రంగి దేవదారు తెచ్చాడు. నెల రోజులు పట్టింది. మధ్యలో షెన్ మాస్టారు విసనకర్ర బొమ్మ ఒకటి తెచ్చి, గోడ లేదంటే, "లోకానికంతా మ్యూజియాల్లో గోడలున్నాయి, నీకే లేదు" అని తిట్టి తీసుకుపోయాడు.

నీ ఉత్తరంలో ఒక మాట నిజం. ఎండ కాసిందనీ, దించి వెళ్లాడనీ చెప్పింది నేనే. తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పాను. అన్నం తినకుండా గోడకేసి చూస్తూ కూర్చునేదానివి. ఇంకేం చెప్పాలో తెలియలేదు. పెద్దయ్యాక నువ్వే చదువుకుంటావు అనుకున్నాను. రాసి ఉంది కదా, కింద, తొట్టి వెనకాల. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ తొట్టిలో జిగురు కలిపావు. ఒక్కసారి వంగి చూస్తే సరిపోయేది. చూసే ఉంటావు, చూసి నా కోసం ఊరుకున్నావు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. చూడలేదని ఇప్పుడు తెలిసింది.

చెరిపింది నేనే. అదీ నిజం. పుస్తకంలో రాసుకున్నాను. ఏ రోజు, ఏ నీళ్లతో, ఎందుకు అన్నది కూడా.

మళ్లీ కట్టాం అన్నావు. కడితే తప్పు లేదు. మా పనిలో సగం అదే. చిరిగినచోట కొత్త కాగితం వేసి రంగు కలుపుతాం. కానీ బొమ్మ ఇచ్చేటప్పుడు, అయ్యా, ఈ పూరెక్క నాది, అని చూపించి ఇస్తాం. చూపించకపోతే మనల్ని వేరే పేరుతో పిలుస్తారు.

ఆ కాగితం అందింది. మంచి మందం కాగితం, యంత్రం మీద చేసింది, నీళ్లు త్వరగా పీల్చదు. ముద్ర బయటికి తీశాను. ఎర్ర సిరా డబ్బా మూత తీశాను. నువ్వు మిగలవు అని రాసిన చోట చాలాసేపు చూశాను. ఆరు రోజులు అలాగే బల్ల మీద ఉంది. మాస్టారు వచ్చి చదివి, తిరిగి అక్కడే పెట్టి వెళ్లాడు.

నీ కోసం ఒకసారి అబద్ధం చెప్పాను. దాన్ని తీసుకెళ్లి దీపం కింద నిలబెట్టావు. రెండోసారి చెప్పను.

చించనూ లేదు. ఈ రోజు వెనక రెండు పొరలు వేసి కొత్త గోడకెక్కించాను. ఈ గోడ మీద మొదటిది అదే. ఇంత వానలో ఎవరూ ఎక్కించరు. మీ నాన్న కూడా ఆ వేళ వద్దంటే వినలేదు, బొమ్మగలాయన తొందరపెడుతున్నాడన్నాడు. ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ఎడమ పక్కన, నీ భుజం ఎత్తున, నోరు వదిలాను. వెదురు బద్ద మేకుకు వేలాడుతోంది.

పక్కన పెన్సిల్‌తో రాసింది ఇక్కడా రాస్తున్నాను.

2007 జూన్ 19. వాన. బీజింగ్ నుంచి వచ్చిన ధ్రువపత్రం, ముద్ర లేనిది. వెనక రెండు కాగితాలు. అతికించాను. దించింది